ఆస్పత్రి బిల్లు అప్పుగా మారిన తరవాత: ఏ మెట్టు దగ్గర ఏ చట్టం అడ్డు నిలుస్తుంది

శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు మన్యం, సరిహద్దు దాటితే ఒడిశాలోని కొరాపుట్, రాయగడ వరకు ఎవరికి పెద్ద జబ్బు చేసినా బండి విశాఖపట్నం వైపే తిరుగుతుంది. ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో మంచం దొరికినవారు అక్కడ చేరతారు. అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రికి రాసి పంపినవారు అటు వెళతారు. మిగిలినవారు రామ్‌నగర్‌లోనో, మహారాణిపేటలోనో, ఆరిలోవ దగ్గరి హెల్త్ సిటీలోనో ఏదో ఒక ప్రైవేటు ఆస్పత్రి మెట్లు ఎక్కుతారు. ఎక్కేటప్పుడు ప్రాణం గురించి తప్ప మరో ఆలోచన ఉండదు. దిగేటప్పుడు చేతిలో ఒక ఫైలు, నెత్తిన ఒక అప్పు ఉంటాయి. ఆ అప్పును ఎవరు, ఏ పద్ధతిలో, ఎంతవరకు వసూలు చేసుకోవచ్చో, ఎక్కడ ఆగి తీరాలో వివరించడానికే ఈ వ్యాసం.

మూడేళ్ల కిందట మా బాబాయికి క్లోమం వాచి, లోపల చీము పట్టి, 11 రోజులు ఐసీయూలో ఉన్నారు. ఆయన ఫిషింగ్ హార్బరులో ఐసు మోసే కూలీ. చేర్చిన ప్రైవేటు ఆస్పత్రికి ప్రభుత్వ పథకంలో కొన్ని విభాగాలకే నమోదు ఉందని, ఈ జబ్బుకు లేదని చేరిన మూడో రోజున తెలిసింది. అప్పటికి ఆయనను కదిలించే పరిస్థితి లేదు. మొత్తం బిల్లు 4,60,000 రూపాయలు అయింది. అందులో 1,90,000 విడతలుగా కట్టేశారు. డాక్టరు ఉదయం 10 గంటలకు డిశ్చార్జి రాశారు. రాత్రి 9 దాటినా బాబాయి మంచం మీదనే ఉన్నారు, ఎందుకంటే ఇంకా 2,70,000 కట్టవలసి ఉంది. "క్లియరెన్సు స్లిప్పు లేకపోతే లిఫ్టు దగ్గర సెక్యూరిటీవాళ్లు వదలరమ్మా" అని కౌంటరులోని కుర్రవాడు పిన్నికి మర్యాదగానే చెప్పాడు. ఆ ఒక్క రాత్రికి మంచం అద్దె మళ్లీ బిల్లులో చేరింది. దాన్ని మాత్రం బతిమాలి తీయించుకున్నాము. మరునాడు పిన్ని గొలుసు, గాజులు తాకట్టు పెడితే 1,40,000 వచ్చింది. తెలిసిన వడ్డీ వ్యాపారి నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద 80,000 ఇచ్చాడు. బాబాయి వాళ్లబ్బాయి, అంటే మా తమ్ముడు, తన ఫోనులోని ఒక యాప్ ద్వారా 50,000 తీశాడు. మధ్యాహ్నానికి ఆస్పత్రి పుస్తకంలో బాబాయి బాకీ సున్నా అయింది.

మన దగ్గర వైద్యపు అప్పు గురించి మాట్లాడేటప్పుడు తరచూ తప్పిపోయే విషయం ఇక్కడే ఉంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు చెప్పే కథ వేరు. అక్కడ బిల్లు రోగి ఇల్లు చేరిన కొన్ని వారాలకు వస్తుంది, కట్టకపోతే వసూలు ఏజెన్సీ చేతికి వెళుతుంది, కాబట్టి అక్కడి చట్టాలు ఆ అప్పును వైద్యపు అప్పుగానే గుర్తించి, వసూలు తీరు మీదా, క్రెడిట్ నివేదికలో దాన్ని చూపడం మీదా ఆంక్షలు పెడతాయి. ఇక్కడ బిల్లు దాదాపు ఎప్పుడూ గడప దాటకముందే తీరిపోతుంది. తీరడం అంటే బంగారు రుణంగానో, ప్రోనోటుగానో, యాప్ అప్పుగానో, డ్వాక్రా సంఘంలో తీసుకున్న మొత్తంగానో రూపం మార్చుకోవడం. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశం మొత్తం వైద్యవ్యయంలో ప్రజలు సొంత జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ ఆ జేబులోకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అంకె చెప్పదు. అందువల్ల మన దేశంలో వైద్యపు అప్పు అనే పేరుతో ఒకే చట్టం వెతికితే దొరకదు. అప్పు ఏ రూపంలో ఉందో చూసి, ఆ రూపానికి వర్తించే చట్టాన్ని పట్టుకోవాలి. రూపం మారిన ప్రతిసారీ రక్షణ మారుతుంది. కొన్నిసార్లు పూర్తిగా జారిపోతుంది కూడా.

మంచం దగ్గర ఆపడం

మొదటి మెట్టు డిశ్చార్జి. బిల్లు కట్టలేదని రోగిని ఆస్పత్రిలో ఆపే హక్కు ఏ చట్టమూ ఏ ఆస్పత్రికీ ఇవ్వలేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రాన్ని రూపొందించింది. కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని 2019లో అమలు కోసం రాష్ట్రాలకు పంపి, 2021లో విస్తరించింది. చెల్లింపు వివాదం ఉన్నా రోగిని, చనిపోతే మృతదేహాన్ని ఆపకూడదని ఆ పత్రం స్పష్టంగా చెబుతుంది. అయితే ఆ పత్రం తనంతట తాను చట్టం కాదు, రాష్ట్రాలకు కేంద్రం చేసిన సూచన. దాని మీదనే ఆధారపడి వాదిస్తే కౌంటరులో ఉన్నవారు తోసిపుచ్చగలరు. అసలు బలం మరోచోట ఉంది. ఒక మనిషిని తాను వెళ్లదలచిన దిక్కుకు వెళ్లనీయకుండా ఆపడం భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షను కింద అక్రమ నిరోధం అవుతుంది. ఒక హద్దు దాటి కదలనీయకుండా ఉంచడం 127వ సెక్షను కింద అక్రమ నిర్బంధం అవుతుంది, దానికి ఏడాది వరకు శిక్ష పడవచ్చు. బాకీ ఉన్నా సరే రోగిని బందీగా ఉంచుకోరాదని ఢిల్లీ హైకోర్టు 2017లో తేల్చి చెప్పింది.

దీనికి ఆస్పత్రులు చెప్పే జవాబు ఒకటుంది: పని చేసినవాడికి కూలి ముట్టేదాకా వస్తువును అట్టిపెట్టుకునే హక్కు లేదా? ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను ప్రకారం, మనం ఇచ్చిన బట్ట మీద పనిచేసిన దర్జీ తన కూలి ముట్టేదాకా కుట్టిన జాకెట్టును తన దగ్గర ఉంచుకోవచ్చు. కానీ ఆ హక్కు వస్తువుల మీదనే. మనిషి వస్తువు కాదు, మృతదేహమూ వస్తువు కాదు. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే లిఫ్టు దగ్గర జరిగే వాదన సగం తేలిపోతుంది.

నిజానికి చాలాచోట్ల తలుపుకు గొళ్లెం పెట్టరు. డిశ్చార్జి సమ్మరీ ఇవ్వరు, రిపోర్టులు ఇవ్వరు, చేతికి పెట్టిన సూది తీయరు. రోగి తాలూకు వాళ్లు తామే ఆగిపోతారు. పోలీసులకు ఫోను చేస్తే అది సివిల్ తగాదా అని తప్పించుకునే ప్రమాదం కూడా ఉంది. బాకీ సివిల్ తగాదానే. మనిషిని ఆపడం మాత్రం కాదు. 112కు ఫోను చేసినప్పుడు బిల్లు సంగతి ఎత్తకుండా "డాక్టరు డిశ్చార్జి రాసినా రోగిని బయటకు వదలడం లేదు" అన్న ఒక్క మాటను చెప్పి, అదే మాటను రాతలో ఇవ్వడం మేలు. రికార్డుల విషయంలో 2002 నాటి వైద్యుల నైతిక నియమావళి ఉంది: రోగి గాని, రోగి అధికారం ఇచ్చినవారు గాని అడిగిన 72 గంటల్లో డాక్టరు రికార్డులు ఇవ్వాలి. బాకీ ఉంటే ఇవ్వనక్కరలేదన్న మినహాయింపు అందులో లేదు.

మన రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రుల నమోదుకు, నియంత్రణకు 2002లో చేసిన సొంత చట్టం ఉంది. దాని కింద ఫిర్యాదు తీసుకోవలసినవారు జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి. వారికి రాసేటప్పుడు పద్దులవారీ బిల్లు జతచేయడం అవసరం. "మందులు 1,12,000, కన్సూమబుల్స్ 64,000" అని రెండు వరుసల్లో ఇచ్చినదాన్ని పద్దులవారీ బిల్లు అనరు. ఏ మందు, ఎన్ని, ఒక్కోటి ఎంత అని ఉండాలి. గుండెకు స్టెంటు వేస్తే దాని ధర బిల్లులో విడిగా చూపాలని 2017లో స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడే కేంద్ర ఔషధ ధరల సంస్థ ఆదేశించింది. బాబాయి బిల్లును విడదీయించినప్పుడు, ఆయన వార్డుకు మారిన తరవాత కూడా రెండు రోజులు ఐసీయూ గ్లవ్స్, గౌన్ల పద్దు నడిచినట్టు తేలింది. ఆ మొత్తం తగ్గించారు. అడగకపోతే తగ్గించేవారు కాదు.

ఆస్పత్రుల పక్షాన న్యాయంగా చెప్పవలసిన మాట కూడా ఉంది. చిన్న నర్సింగ్ హోములకు బాకీ ఎగవేత నిజమైన భయం. పైగా ప్రభుత్వ పథకం కింద చేసిన వైద్యానికి రావలసిన సొమ్ము నెలల తరబడి రాక, 2024లోనూ 2025లోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు నిలిపివేయవలసి వచ్చింది. ప్రభుత్వం ఆలస్యం చేసిన బాకీ ఒత్తిడి చివరికి కౌంటరు ముందు నిలబడిన మనిషి మీదకు దిగుతోందన్నది నా అభిప్రాయం. అయినా ఆస్పత్రికి బాకీ రాబట్టుకునే దారి కోర్టు మాత్రమే, మంచం కాదు.

చేరేటప్పుడు పెట్టే సంతకం

ఇంతకంటే లోతైన చిక్కు చేరే వేళలోనే మొదలవుతుంది. అర్ధరాత్రి 2 గంటలకు స్ట్రెచరు లోపలికి వెళుతుంటే కౌంటరులో నాలుగు కాగితాలు ముందు పెడతారు. అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఒకటి శస్త్రచికిత్సకు అంగీకారం, ఒకటి రోగి వివరాలు. మూడోదానిలో, సంతకం చేసినవారు బిల్లు మొత్తానికి స్వయంగా బాధ్యులని రాసి ఉంటుంది. మా ఫైలులో ఆ మూడో కాగితం మీద ఉన్నది నా సంతకమే. పెన్ను ఆగి ఆగి రాసిన ఆ సంతకాన్ని ఇప్పుడు చూస్తే, ఏ వాక్యం కింద పెడుతున్నానో ఆ రాత్రి నేను చదవలేదని తెలిసిపోతుంది.

చట్టంలో ఆ సంతకానికి చాలా బరువు ఉంది. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. రోగిని వదిలి నేరుగా హామీదారు మీదకే రావచ్చు. సంతకం లేకపోతే లెక్క పూర్తిగా వేరు. తండ్రి చనిపోయాక ఆయన ఆస్పత్రి బాకీకి కొడుకు, కూతురు తమ సొంత సంపాదన నుంచి కట్టనక్కరలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50వ సెక్షను ప్రకారం, చనిపోయిన వ్యక్తి ఆస్తిలో వారసుల చేతికి వచ్చినంత మేరకే వారి బాధ్యత. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అన్న భావన మన ఇళ్లలో ఎంత బలమైనదో, ఒకప్పుడు హిందూ న్యాయశాస్త్రంలోనూ అంతే బలమైనది. ఆ అప్పులో కొడుకు పాత్ర లేకపోయినా పితృఋణం పేరుతో అతని పూర్వార్జితపు వాటా మీదకు వెళ్లగలిగేవారు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు ఆ ధర్మాన్ని ఆధారం చేసుకుని కోర్టుకు రావడాన్ని, ఆ తరవాత పుట్టిన అప్పుల విషయంలో, నిలిపివేశారు. ధర్మంగా తీర్చదలచినవారు తీర్చవచ్చు, చట్టం పేరుతో ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేరు.

హామీగా అడిగే ఖాళీ చెక్కు సంగతి ఇంకా తీవ్రమైనది. బాకీ కట్టలేకపోవడం నేరం కాదు, చెక్కు చెల్లకపోవడం నేరం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద రెండేళ్ల వరకు జైలు గాని, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. "ఖాళీ చెక్కు ఇచ్చాను, అంకె వాళ్లే వేసుకున్నారు" అన్న వాదన దాదాపు నిలవదు. స్వచ్ఛందంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కును వేరొకరు నింపినా, అది బాకీ కోసమే ఇచ్చినట్టు భావించాలని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో చెప్పింది. ఆస్పత్రి అప్పు క్రిమినల్ కోర్టు గడప ఎక్కేది సాధారణంగా ఈ ఒక్క దారిలోనే. మిగతావాటికి ఎంత ప్రాధేయపడవలసి వచ్చినా సరే, ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వకూడదు. ఇవ్వక తప్పకపోతే మొత్తం, తేదీ రాసి, ఎందుకు ఇస్తున్నదీ రాసిన ఉత్తరం మీద వారి ముద్ర వేయించుకుని ఇవ్వాలి. ఒకవేళ చెక్కు తిరిగివస్తే, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టేసినవారి మీద కేసు నడవదు.

ఆస్పత్రి దావా వేస్తే ఏం పోతుంది, ఏం పోదు

రోగి ఇంటికి వెళ్లిన తరవాత ఆస్పత్రి మూడేళ్లలోపు సివిల్ దావా వేయాలి. డిక్రీ, అంటే బాకీ కట్టాలన్న కోర్టు ఆదేశం, వచ్చాక ఈపీ వేస్తారు, అంటే అమలు పిటిషన్. ఇల్లు, ఒళ్లు మొత్తం జప్తు చేస్తారన్న భయం ఇక్కడే పుడుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షనును తీరిగ్గా చదివితే ఆ భయం చాలా తగ్గుతుంది. బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు జప్తు చేయరాదు. చేతివృత్తివారి పనిముట్లు, వ్యవసాయదారుడు నివసించే ఇల్లు, కూలీల కూలి, ప్రావిడెంటు ఫండు, ప్రభుత్వ పింఛను జప్తుకు అందవు. జీతగాళ్లకు నెల జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోరాదు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు జీతం జప్తులో ఉంటే ఆ డిక్రీకి ఆ పైన జీతం నుంచి పట్టుకోరాదు. మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి నుంచి తీయరాని ఆభరణాన్ని కూడా అదే సెక్షను మినహాయించింది. కోర్టు అమీనా వచ్చినా తాళిబొట్టు జోలికి వెళ్లకూడదు. డిక్రీ ఉన్న కోర్టుకే లేని ఆ అధికారాన్ని, కౌంటరు ముందు గంటల తరబడి నిలబెట్టడం ద్వారా ఎంత తేలికగా చెలాయిస్తున్నారో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

జైలు మాట కూడా అంతే. డబ్బు డిక్రీ అమలులో ఏ స్త్రీనీ అరెస్టు చేయరాదని 56వ సెక్షను చెబుతుంది. పురుషులను సైతం, చేతిలో డబ్బు ఉండి దురుద్దేశంతో ఎగవేశారని రుజువైతేనే సివిల్ జైలుకు పంపవచ్చు. కేవలం లేమి కారణంగా కట్టలేనివాణ్ని జైల్లో పెట్టడం రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఇప్పటికీ ఆధారం.

ఈ రక్షణలన్నీ ఆస్పత్రికి బాకీ ఉన్నంతకాలమే పూర్తిగా పనికివస్తాయన్నది గమనించండి. బంగారం తాకట్టు పెట్టి బిల్లు కట్టిన క్షణంలో, జప్తుకు అందని వస్తువును మనమే తీసుకెళ్లి అప్పిచ్చినవాడి ఇనప్పెట్టెలో పెట్టినట్టు అవుతుంది.

రూపం మారిన అప్పు

బంగారు రుణం మీద రిజర్వ్ బ్యాంకు పట్టు గట్టిది. 2025 జూన్ నాటి ఆదేశాల ప్రకారం వేలానికి ముందు తగిన నోటీసు ఇవ్వాలి, కనీస ధర ఆనాటి విలువలో 90 శాతానికి తగ్గరాదు, రెండు వేలాలు విఫలమైతే తప్ప 85కు దిగరాదు. అప్పు పోను మిగిలినది 7 పనిదినాల్లో ఖాతాదారుకు తిరిగి ఇవ్వాలి. అప్పు పూర్తిగా తీరాక నగ ఇవ్వడంలో 7 పనిదినాలు దాటితే, తప్పు వారిదైతే, రోజుకు 5,000 రూపాయలు వారే చెల్లించాలి. ఈ నియమాలు బ్యాంకులకు, ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని రుణ సంస్థలకు) వర్తిస్తాయి. వీధి చివర తాకట్టు కొట్టుకు వర్తించవు.

వ్యక్తిగత రుణాల వసూలు గురించి 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులరు అందరూ తెలుసుకోదగినది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరవాత వసూలు ఏజెంటు ఫోను చేయరాదు. బెదిరించరాదు, నలుగురిలో అవమానించరాదు, బంధువులకు, స్నేహితులకు ఫోనులు చేసి పరువు తీయరాదు. మైక్రోఫైనాన్సు అప్పుకు ఆ వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకే. యాప్ ద్వారా ఇచ్చే అప్పులో డబ్బు నేరుగా మన బ్యాంకు ఖాతాలోకి రావాలి. యాప్ మన ఫోనులోని నంబర్ల జాబితాను, ఫొటోలను ముట్టుకోరాదు. మొత్తం ఖర్చు ఎంతో తెలిపే కీలక వివరాల పత్రం ముందుగా ఇవ్వాలి. కనీసం ఒక రోజు ఆలోచించుకునే గడువు ఉండాలి, ఆ గడువులో వద్దనుకుంటే అసలు, ఆ రోజుల వడ్డీ కట్టి బయటపడవచ్చు. మా తమ్ముడికి వచ్చిన మొదటి బెదిరింపు ఫోను ఉదయం 6:40కి వచ్చింది, రెండోది హార్బరులో బాబాయి మేస్త్రికి వెళ్లింది. రెండూ నిషిద్ధమే. ముందు అప్పిచ్చిన సంస్థకు రాతలో ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఫోను నంబరు 14448. యాప్ వెనక అనుమతి ఉన్న సంస్థే లేకపోతే అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు, అది పోలీసుల పని. సైబర్ నేరాల నంబరు 1930.

మూడోది ప్రోనోటు. రక్షణ అతి తక్కువగా ఉన్నది ఇక్కడే, ఉత్తరాంధ్రలో ఆస్పత్రి ఖర్చుకు ఎక్కువమంది ముందుగా చేయి చాచేదీ ఇక్కడికే. నూటికి నెలకు మూడు రూపాయలంటే వినడానికి చిన్నదే. ఏడాదికి 36 శాతం. పిన్ని 80,000కు నెలనెలా 2,400 కట్టింది, అంటే ఏడాదికి 28,800, అసలు మాత్రం రూపాయి తగ్గలేదు. వడ్డీ అన్యాయంగా ఉందని, లావాదేవీయే న్యాయబద్ధంగా లేదని కోర్టు భావిస్తే ఆ లెక్కను తిరగదోడే అధికారం 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం ఇచ్చింది. కానీ ఎవరో ఒకరు కోర్టుకు వెళితేనే అది కదులుతుంది. 2015లో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ (అధిక వడ్డీ అప్పుల) వ్యవహారం, ఈ రకం వసూళ్లు ఇంటి ఆడవాళ్ల మీదకు ఎలా వస్తాయో రాష్ట్రమంతటికీ చూపింది. ఇంటికొచ్చి బెదిరించడం అప్పు ఎవరిదైనా సరే నేరమే, భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షను కింద ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ప్రోనోటు కాగితాన్ని ఒకసారి దగ్గరగా చూడాలి. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం చేయించుకుని, మొత్తం రాసే చోటు ఖాళీగా వదిలేస్తే, స్టాంపు విలువ అనుమతించినంత మేరకు దాన్ని నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఇచ్చినట్టేనని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను అంటుంది. కాబట్టి అంకెలోనూ అక్షరాల్లోనూ మొత్తం రాశాకే సంతకం చేయాలి. ప్రోనోటు మీద దావాకు మూడేళ్ల గడువు. ఆ గడువు దగ్గరపడినప్పుడు వ్యాపారి ఇంటికి వచ్చి, కాగితం వెనక "ఈ దినమున 500 రూపాయలు చెల్లు" అని రాయించుకుని సంతకం పెట్టమంటాడు. అది దయ కాదు. ఆ చిన్న చెల్లుతో మూడేళ్ల గడువు మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలవుతుంది. ఇక నెలనెలా కట్టే వడ్డీకి మాత్రం ఎవరూ చెల్లు వేయరు, అడిగి వేయించుకోవాలి. వేయించుకోనివారు కట్టిన సొమ్ముకు రుజువు లేక, కోర్టులో మొదటి రోజు నుంచి వడ్డీ లెక్క ఎదుర్కొంటారు.

అప్పు పుట్టకముందు

కొన్ని అప్పులు పుట్టనక్కరలేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకంలో, జాబితాలోని చికిత్సకు నెట్‌వర్క్ ఆస్పత్రి రోగి నుంచి డబ్బు తీసుకోరాదు. తీసుకుంటే అక్కడ ఉండే పథకం ప్రతినిధికి, 104కు చెప్పాలి. మా అనుభవం నేర్పింది ఏమిటంటే, ఆస్పత్రి పథకంలో ఉందా అని అడిగితే చాలదు, ఈ జబ్బు విభాగానికి ఉందా అని అడగాలి. ఆనందపురం నుంచి కూర్మన్నపాలెం దాకా జాతీయ రహదారి మీద ప్రమాదాలు నిత్యం చూస్తున్న మనకు మరొకటి తెలియాలి: 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితుడికి 7 రోజుల వరకు 1,50,000 రూపాయల దాకా నగదు లేని చికిత్స అందాలి. బీమా ఉన్నవారికి, ఆస్పత్రి నుంచి తుది బిల్లు వచ్చిన 3 గంటల్లో కంపెనీ అనుమతి తేల్చాలని, ఆలస్యం వల్ల పెరిగిన ఖర్చును కంపెనీయే భరించాలని, రోగి మరణిస్తే దేహాన్ని వెంటనే అప్పగించేలా చూడాలని బీమా నియంత్రణ సంస్థ 2024 మేలో ఆదేశించింది.

ఎక్కడికి వెళ్లాలి

వినియోగదారుల కమిషన్ సంగతి చాలామందికి తెలుసు. 1995లో శాంత కేసు తీర్పు నుంచి డబ్బు తీసుకుని చేసే వైద్యం దాని పరిధిలో ఉంది. తెలియనిది ఏమిటంటే, 2019 చట్టం వచ్చాక ఫిర్యాదును తాను నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. విశాఖలో బిల్లు కట్టిన పలాసవాసి శ్రీకాకుళంలో వేయవచ్చు. గడువు రెండేళ్లు.

దానికంటే త్వరగా తేలే చోటు శాశ్వత లోక్ అదాలత్. న్యాయసేవల చట్టం 22ఎ సెక్షను ఆస్పత్రి సేవను, బీమా సేవను ప్రజోపయోగ సేవలుగా పేర్కొన్నది. కోర్టులో కేసు వేయకముందే, కోటి రూపాయల వరకు విలువైన తగాదాను అక్కడికి తీసుకెళ్లవచ్చు, రుసుము లేదు. ఒక పక్షం అర్జీ పెట్టిన తరవాత రెండో పక్షం అదే తగాదా మీద వేరే కోర్టుకు వెళ్లరాదు. రాజీ కుదరకపోయినా ఆ పీఠమే తీర్పు ఇవ్వగలదు. బిల్లు మీద వివాదం ఉన్నవారు ఆస్పత్రి దావా కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ముందుగా అక్కడ అర్జీ పెట్టడం తెలివైన పని అని నేను గట్టిగా నమ్ముతాను. ఎలా రాయాలో తెలియనివారికి జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ సాయం చేస్తుంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. ఫోను నంబరు 15100.

అన్ని దారులూ మూసుకున్నప్పుడు మిగిలేది ఐపీ, అంటే దివాలా పిటిషన్. మన దగ్గర ఐపీ పెట్టాడంటే పరువు పోయిన మాటగా వాడతారు. అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. దివాలా కోడ్ 2016లో వచ్చినా వ్యక్తులకు సంబంధించిన భాగం కంపెనీల అప్పులకు హామీ ఇచ్చినవారికి తప్ప ఇంకా అమలులోకి రాలేదు, కనుక మామూలు మనిషికి ఈ పాత చట్టమే దిక్కు. అప్పులు 500 రూపాయలు దాటి, తీర్చే స్తోమత లేదని, ఉన్న ఆస్తి, ఉన్న అప్పు దాచకుండా కోర్టు ముందు పెట్టినవారికి అది దారి చూపుతుంది. జబ్బు వల్ల మునిగినవాడు దాన్ని వాడుకోవడంలో సిగ్గుపడవలసింది ఏదీ లేదు.

పిన్ని ప్రోనోటు పోయిన సంక్రాంతి ముందు తీరింది. చివరి విడత ఇచ్చేటప్పుడు నేనూ వెంట వెళ్లాను. వ్యాపారి డబ్బు లెక్కపెట్టుకుని, కాగితం ఇంట్లో ఎక్కడో ఉంది, వెతికి చించేస్తానులే అన్నాడు. సొమ్ము పూర్తిగా చెల్లించినవాడికి పత్రాన్ని అప్పుడే తిరిగి పుచ్చుకునే హక్కు ఉందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 81వ సెక్షను చెబుతుంది. పిన్ని అరుగు మీద నుంచి లేవలేదు. అరగంటకు అతను లోపలి నుంచి కాగితం తెచ్చి, వెనక "పూర్తి చెల్లు" అని రాసి, తేదీ వేసి ఇచ్చాడు. పిన్ని దాన్ని మడిచి ఆస్పత్రి ఫైలులో, ఆఖరి బిల్లు వెనక పెట్టుకుంది.